బాత్రూంలో పెద్దవాళ్లు పడేది జారినప్పుడేనా?

ఇంట్లో పెద్దవాళ్లు బాత్రూంలో పడ్డారనగానే అందరి చూపూ నేల మీదికే పోతుంది. తడి ఉందా, సబ్బు నురగ ఉందా, టైల్స్ మరీ నున్నగా ఉన్నాయా అని వెతుకుతారు. మర్నాడు ఒక రబ్బరు మ్యాట్ వచ్చి చేరుతుంది. ఇక భయం లేదనుకుంటారు.

మ్యాట్ మంచిదే. కానీ అమెరికాలో 2008 సంవత్సరానికి వేసిన ఒక లెక్క చూస్తే విషయం అంతటితో తేలదని అర్థమవుతుంది. ఆ ఏడాది బాత్రూంలో దెబ్బలు తగిలి ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్లిన 15 ఏళ్లు పైబడినవాళ్లు సుమారు 2.34 లక్షల మంది. వాళ్లలో 80 శాతానికి పైగా కింద పడినవాళ్లే. అన్ని వయసులూ కలిపి చూస్తే స్నానం దగ్గర తగిలిన దెబ్బలే ఎక్కువ. 85 ఏళ్లు దాటినవాళ్లను విడిగా చూస్తే మాత్రం దాదాపు సగం గాయాలు కమోడ్ దగ్గరే అయ్యాయి. అక్కడ నేల పొడిగానే ఉండి ఉండొచ్చు. ఆ వయసులో జారడం కన్నా కూర్చోవడం, లేవడమే పెద్ద గండం.

లేచినప్పుడు ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి. మనిషి నిలబడగానే అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం కాళ్లలోకీ పొట్ట కింది భాగంలోకీ దిగిపోతుంది. మెడలోని ధమనుల గోడల్లోనూ, గుండె నుంచి బయల్దేరే మహాధమని వంపులోనూ ఒత్తిడిని పసిగట్టే నాడుల కొసలుంటాయి. అవి మెదడుకు కబురు పంపగానే గుండె వేగం పెరుగుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి. వయసులో ఉన్నవాళ్లకు ఇదంతా జరిగినట్టే తెలియదు. పెద్దవాళ్లలో ఈ స్పందన నెమ్మదిస్తుంది. నిలబడిన 3 నిమిషాల్లోపు పై బీపీ 20 పాయింట్లు గానీ, కింది బీపీ 10 పాయింట్లు గానీ పడిపోతే డాక్టర్లు దాన్ని పట్టించుకోవాల్సిన సమస్యగానే చూస్తారు. కళ్లు బైర్లు కమ్మడం, కాళ్లలో సత్తువ లేనట్టు అనిపించడం దాని గుర్తులే. కొందరికి ఏ గుర్తూ ఉండదు, నేరుగా పడిపోతారు.

పైగా బీపీని కిందికి లాగే పనులన్నీ ఈ ఒక్క గదిలోనే ఉన్నాయి. మలబద్ధకంతో ముక్కినప్పుడు ఛాతీలో ఒత్తిడి పెరిగి గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. వేడినీళ్లకు రక్తనాళాలు వదులవుతాయి. కొందరు మగవాళ్లకు నిలబడి మూత్రం పోసేటప్పుడే స్పృహ తప్పుతుంది. బీపీ మాత్రలు, మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మాత్రలు, నిద్రమాత్రలు, ప్రోస్టేట్ వాపుకు వాడే కొన్ని మందులు దీనికి తోడవుతాయి. అందుకే నన్నడిగితే బాత్రూం భద్రత పని మేస్త్రీని పిలవడంతో కాదు, మందుల చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లడంతో మొదలవ్వాలి. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడమని అడగాలి. మందులు మనంతట మనం ఆపేయకూడదు గానీ, ఏది ఏ వేళకు వేసుకోవాలో మార్చడంతోనే తేడా కనిపించొచ్చు.

రాత్రిపూట ఇంకో చిక్కు ఉంది. మనం నిటారుగా నిలబడాలంటే కళ్లు, లోపలి చెవి, పాదాల స్పర్శ మూడూ మెదడుకు సమాచారం ఇస్తుండాలి. షుగర్ ఉన్నవాళ్లలో పాదాలు తిమ్మిరెక్కి ఆ సమాచారం ముందే తగ్గిపోయి ఉంటుంది. చీకట్లో కళ్లూ పనిచేయవు. పోనీ అని పెద్ద లైటు వేస్తే కళ్లు జిగేల్‌మంటాయి. తిరిగి వచ్చేటప్పుడు లైటు తీసేస్తే, కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మంచం నుంచి కమోడ్ దాకా దారి పొడవునా కిందివైపు పసుపురంగు చిన్న లైట్లు వెలుగుతూ ఉండటం దీనికి చవకైన మందు. మంచం అంచున ఒక నిమిషం కూర్చుని, మడమలు పైకీ కిందికీ ఆడించి లేస్తే కాళ్లలోని రక్తం పైకి కదులుతుంది.

ఇక కమోడ్ ఎత్తు. సీటు ఎంత కిందికుంటే లేవడానికి తొడ కండరాలు అంత ఎక్కువ కష్టపడాలి. అమెరికా ప్రమాణాల్లో వికలాంగులకు అనువైన సీటు ఎత్తు 17 నుంచి 19 అంగుళాలు. తక్కువైతే సీటు మీద అమర్చే ఎత్తు పీటలు దొరుకుతాయి. లేచేటప్పుడు ముందు సీటు అంచుకు జరగాలి, పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి తీసుకోవాలి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేంత ముందుకు వంగి అప్పుడు లేవాలి. వెనక్కి వాలి ఉన్న మనిషి ఎంత బలం పెట్టినా మళ్లీ కూలబడతాడు.

తూలగానే చెయ్యి దగ్గర్లో ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది. చాలాసార్లు అది టవల్ రాడ్డే. తువ్వాలు మోయడానికి పెట్టిన కడ్డీ మనిషిని ఆపలేదు, ఊడి చేతిలోకి వస్తుంది. పట్టుకునే కడ్డీలు సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలని అమెరికా ప్రమాణం. అందుకే స్క్రూలు టైలు దాటి లోపలి గోడలోకి గట్టిగా దిగాలి. గాలి పట్టుతో అంటించే ప్లాస్టిక్ పిడులను నేను అస్సలు నమ్మను. ఈరోజు గట్టిగా ఉన్నది రేపు చెప్పకుండా వదిలేస్తుంది. వేడినీళ్ల కుళాయిని పట్టుకుని అది తిరిగిపోయిందనుకోండి, 60 డిగ్రీల నీళ్లకు చర్మం 5 సెకన్లలోనే బాగా కాలిపోతుంది. గీజర్ వేడి తగ్గించి పెట్టడం మంచిది.

నేల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. సబ్బునీళ్లు పల్చటి పొరలా ఏర్పడి పాదాన్ని టైలుకు సరిగా ఆననివ్వవు. మడమ ఆన్చగానే జారేది అందుకే. అంచులు పైకి లేచిన మ్యాట్ అయితే అదే కాలికి తగులుతుంది. రబ్బరు కాళ్లున్న స్టూలు మీద కూర్చుని చేతి షవర్‌తో స్నానం చేస్తే సగం బెడద పోతుంది.

చూసుకునేవాళ్లు, పెద్దవాళ్ల ఒంట్లో ఏ పక్క బలహీనంగా ఉందో ఆ వైపు, కొంచెం వెనగ్గా నిలబడాలి. చంకల కింద చేతులు వేసి లాగితే వాళ్ల భుజం కీలు తప్పే ప్రమాదముంది. నడిపిస్తూ కబుర్లు చెప్పడం కూడా అనుకున్నంత మంచి పని కాదు. మాట్లాడటానికి నడక ఆపేయాల్సి వచ్చే వృద్ధులు తర్వాతి నెలల్లో పడే అవకాశం బాగా ఎక్కువని 1997లో స్వీడన్ పరిశోధకులు గమనించారు. నడక మీదే మనసంతా పెట్టాల్సిన స్థితిలో ఉన్నారని దానర్థం.

ఎవరూ పైకి అనని కారణం సిగ్గు. ఇంకొకరి ముందు బట్టలు విప్పడం ఇష్టంలేక చాలామంది ఎవరినీ లేపకుండా ఒంటరిగా వెళ్తారు. ఒళ్లో ఒక తువ్వాలు వేసి, తలుపు ఓరగా ఉంచి, పిలిస్తే వినిపించేంత దూరంలో బయట నిలబడితే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. ఆపుకోలేని పరిస్థితి రాకముందే వేళకు ఒకసారి తీసుకెళ్తే పరుగు తీయాల్సిన టెన్షనూ ఉండదు.

తలుపు బయటికి తెరుచుకోవాలి, గడియ బయటినుంచి కూడా తీయగలిగేలా ఉండాలి. లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డంగా పడిన మనిషిని చేరుకోవడానికే ఎంతో సమయం పోతుంది. గంటకు మించి నేల మీదే పడి ఉంటే ఒత్తుకుపోయిన కండరాలు దెబ్బతిని, వాటి నుంచి వెలువడే పదార్థాలు కిడ్నీల మీద పడే ప్రమాదముంది. అలాగని చూసిన వెంటనే లేపేయకూడదు. ముందు మాట్లాడించాలి. ఒక కాలు పొట్టిగా కనిపిస్తూ పాదం బయటికి తిరిగి ఉంటే తుంటి ఎముక విరిగి ఉండొచ్చు, కదపకుండా అంబులెన్స్ పిలవాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలాక ఎంత బాగున్నామని చెప్పినా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. వాళ్లలో మెదడు చుట్టూ రక్తస్రావం గంటల తర్వాత కూడా బయటపడొచ్చు.