చిన్న రేడియేటర్ చల్లగా ఉంటే సంతోషించకండి

మే నెలలో ఒక మధ్యాహ్నం. ఔటర్ దిగి బయోడైవర్సిటీ జంక్షన్ వైపు వస్తున్నాం. బండి మా మిత్రుడిది, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సూపర్‌ఛార్జ్‌డ్ వీ8 సెడాన్, అంటే ఇంజన్‌లోకి గాలిని నొక్కి ఎక్కించే పంపు (సూపర్‌ఛార్జర్) ఉన్న బండి. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే ఓబీడీ రీడర్ తగిలించి, ఇంజన్‌లోకి పోయే గాలి ఎంత వేడిగా ఉందో ఫోన్‌లో చూస్తూ కూర్చున్నాను. ఔటర్ మీద నిలకడగా 100లో పోతున్నప్పుడు 66 డిగ్రీలు. జంక్షన్‌లో సిగ్నల్ రెండుసార్లు మారేసరికి 83. పచ్చలైటు పడగానే మావాడు తొక్కాడు. మోత వచ్చింది గానీ బండి లేవలేదు. పక్కనున్న ఆటో మాకంటే ముందు కదిలింది.

అప్పటికే వాడు ఫోన్‌లో, ఆ గాలిని నీళ్లతో చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పెద్ద కిట్ల ధరలు చూసి పెట్టుకున్నాడు. షెడ్డులో మెకానిక్ మాత్రం కిట్ మాట ఎత్తలేదు. బంపర్ జాలీలోంచి చెయ్యి పెట్టి ముందున్న, ఇంటర్‌కూలర్ నీళ్లను చల్లార్చే చిన్న రేడియేటర్‌ని తాకాడు. తర్వాత సూపర్‌ఛార్జర్ పక్క పైపు పట్టుకోబోయి చటుక్కున చెయ్యి తీసేశాడు. "పైన పైపు కాలుతున్నది, ముందట రేడియేటర్ సల్లగున్నది. నీళ్లు తిరుగుతలేవన్నా" అన్నాడు. రేడియేటర్ చల్లగా ఉంటే మంచిదే కదా అనుకున్నాం మేమిద్దరం. వేడి అక్కడిదాకా వస్తేనే కదా బయటికి పోయేది!

ఈ నీళ్ల సంగతి అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

సూపర్‌ఛార్జర్ కార్ల కోసం పుట్టింది కాదు. అమెరికాలోని ఇండియానాలో ఉన్ని మిల్లు నడిపే రూట్స్ అన్నదమ్ములు 1860లో పేటెంట్ తీసుకున్న గాలి పంపు దాని పూర్వీకురాలు. కొలుములకు గాలి ఊదడానికి అది బాగా పనికొచ్చింది. ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా ఎక్కించే ఆలోచనకు గాట్‌లీబ్ డైమ్లర్ 1885లో పేటెంట్ తీసుకున్నాడు. 1921 బెర్లిన్ మోటార్ షోలో మెర్సిడెస్ సూపర్‌ఛార్జ్‌డ్ కార్లను జనం ముందు పెట్టింది. వేడి సమస్య అప్పుడూ ఉంది. వాళ్ల పరిష్కారం సింపుల్: పెడల్ అడుగంటా తొక్కితేనే సూపర్‌ఛార్జర్ ఇంజన్‌తో కలిసేది, అదీ కాసేపు మాత్రమే వాడుకోవాలి.

సైకిల్ పంపుతో గాలి కొట్టినవాళ్లకు పంపు అడుగు ఎందుకు కాలుతుందో తెలుసు. నొక్కితే గాలి వేడెక్కుతుంది. మన మే ఎండకు లెక్క వేద్దాం. బయట 42 డిగ్రీలు. సూపర్‌ఛార్జర్ గాలిని 1.8 రెట్ల ఒత్తిడికి తెస్తుందనుకుందాం. నూటికి 70 పాళ్ల సామర్థ్యమున్న మంచి సూపర్‌ఛార్జర్ అయినా, బయటికొచ్చే గాలి 124 డిగ్రీల దగ్గర ఉంటుంది. అంత వేడి గాలి సిలిండర్‌లోకి వెళ్తే స్పార్క్ వెలిగించిన మంట అంతటా పాకేలోపే మిగిలిన పెట్రోలు తనంతట తానే భగ్గుమంటుంది, దాన్నే నాకింగ్ అంటారు. అది జరగకుండా కంప్యూటర్ స్పార్క్‌ని కాస్త ఆలస్యం చేస్తుంది, దాంతో బలం తగ్గుతుంది. జంక్షన్‌లో మమ్మల్ని ఆటో దాటిపోయింది అందుకే.

ఆ వేడిని నీళ్లతో లాగేసే పద్ధతికి పేరు తెచ్చింది విమానాలు. అక్కడ మన ఊరి పేరు కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వైమానిక దళపు 253వ స్క్వాడ్రన్ పేరు 'హైదరాబాద్ స్టేట్'. నిజాం ఇచ్చిన విరాళానికి గుర్తుగా పెట్టిన పేరది. 1940లో ఆ స్క్వాడ్రన్ హరికేన్ విమానాలు నడిపింది. వాటి రోల్స్ రాయిస్ మెర్లిన్ ఇంజన్లకు సూపర్‌ఛార్జర్ ఉండేది, ఇంటర్‌కూలర్ ఉండేది కాదు. 1941లో జర్మనీ యుద్ధవిమానం ఫాకెవుల్ఫ్ 190 దిగేసరికి, అదే మెర్లిన్‌తో ఎగిరే అప్పటి బ్రిటిష్ స్పిట్‌ఫైర్లు వెనకబడ్డాయి. స్టాన్లీ హుకర్ లాంటి రోల్స్ రాయిస్ ఇంజనీర్లు మెర్లిన్‌కి రెండు దశల సూపర్‌ఛార్జర్ పెట్టారు. గాలిని రెండుసార్లు నొక్కితే వేడి అదుపు తప్పుతుంది కనుక, ఇంజన్ కూలెంట్‌తో సంబంధం లేకుండా విడిగా ఒక నీటి వలయం, దానికో పంపు, రేడియేటర్ ఇచ్చారు. 1942లో ఆ ఇంజన్‌తోనే స్పిట్‌ఫైర్ మార్క్ 9 ఎగిరింది. ఇంటర్‌కూలర్ అన్న మాట కూడా అలాంటి ఇంజన్లకే అతుకుతుంది, రెండు దశల మధ్య చల్లబరిచేది కాబట్టి. నేటి కార్లలో ఉన్నవి దాదాపు అన్నీ నిజానికి ఆఫ్టర్‌కూలర్లే, అంటే నొక్కడం అంతా అయ్యాక చల్లబరిచేవి. ఆ మాట మన షెడ్లలో వాడితే ఎవరికీ అర్థం కాదు, వదిలేద్దాం.

30 వేల అడుగుల ఎత్తున బయట గాలి మైనస్ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. విమానం గంటకు వందల కిలోమీటర్ల వేగంతో పోతుంటే రేడియేటర్‌కి గాలి కరువే లేదు. అదే ఏర్పాటు కారు బంపర్ వెనక్కి వచ్చి, ఎండలో సిగ్నల్ దగ్గర ఆగితే?

కార్లలోకి అది ఒక్కసారిగా రాలేదు. 1989 ఫోర్డ్ థండర్‌బర్డ్ సూపర్ కూపేలో ఈటన్ సూపర్‌ఛార్జర్‌కి గాలితో చల్లారే ఇంటర్‌కూలరే పెట్టారు. కానీ వీ ఇంజన్ మధ్య లోయలో సూపర్‌ఛార్జర్ కూర్చునే కార్లలో, ముందుకి లావు పైపులు తీసుకెళ్లి వెనక్కి తెచ్చే చోటు ఉండదు. నీళ్లైతే సన్నపాటి పైపులతో పని అయిపోతుంది. 2003 మస్టాంగ్ కోబ్రా, 2009 కార్వెట్ జెడ్ఆర్1, అదే కాలపు జాగ్వార్ 5 లీటర్ల వీ8, అన్నీ ఈ దారిలోనే నడిచాయి. కోబ్రా కొన్న కుర్రాళ్లు చిన్న పుల్లీ వేసి సూపర్‌ఛార్జర్‌ని ఇంకా వేగంగా తిప్పి బూస్ట్ (గాలి ఒత్తిడి) పెంచడం, దాంతో పెరిగిన వేడి కోసం పెద్ద రేడియేటర్ వెతకడం ఒక ఆచారమైంది. 2015 కార్వెట్ జెడ్06 ట్రాక్ మీద వేడెక్కి పవర్ తగ్గిస్తోందని యజమానులు కోర్టుకు కూడా వెళ్లారు. 2017 మోడల్‌కి బానెట్ మీద గాలి దారులు పెంచారు.

ఇంత పెద్ద కంపెనీలు చిన్న రేడియేటర్‌తో ఎందుకు సరిపెట్టుకున్నాయి? సుమారు 500 గుర్రాల ఇంజన్ పూర్తిగా తొక్కినప్పుడు ఇంటర్‌కూలర్ లాగాల్సిన వేడి దగ్గర దగ్గర 27 కిలోవాట్లు, అంటే ఒకటిన్నర టన్నుల ఏసీలు ఐదు కలిసి గదుల్లోంచి తోడే వేడి. కానీ వలయంలో 8 లీటర్ల నీళ్లుంటే, రేడియేటర్ ఏమీ చేయకపోయినా, 10 సెకన్లు తొక్కితే ఆ నీళ్లు పెరిగేది 8 డిగ్రీలే. రోడ్డు మీద ఎవరు మాత్రం 10 సెకన్లకు మించి తొక్కుతారు? తర్వాత పోతూ పోతూ చల్లారుతుంది. లెక్క తప్పు కాదు. కాకపోతే అందులో హైటెక్ సిటీ ట్రాఫిక్ లేదు. బండి కదలనప్పుడు కింద ఇంజన్ వేడి సూపర్‌ఛార్జర్‌కి ఎక్కుతూనే ఉంటుంది, ఏసీ కండెన్సర్ ముందు భాగాన్ని కాలుస్తుంటుంది, చిన్న రేడియేటర్‌కి గాలి ఆడదు. నీళ్లు మెల్లగా వేడెక్కి, మనం తొక్కే సమయానికి వాటిలో ఇంకా వేడి పట్టే చోటు మిగలదు.

అందుకే మన ఊళ్లో అప్‌గ్రేడ్ అంటే మొదట ఆ నీళ్లు తిప్పే పంపు అంటాను నేను. ఎలక్ట్రిక్ పంపు ఆగిపోయినా డ్యాష్‌బోర్డు మీద లైటు వెలగని బండ్లు ఉన్నాయి. ఇంజన్ టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే అది వేరే వలయం. మావాడి పంపు ఎప్పుడు పోయిందో వాడికే తెలియదు. కొత్తది, కాస్త ఎక్కువ ప్రవాహం ఇచ్చేది వేయించాం. తర్వాత నీటి పైపుల్లోంచి గాలి తీయడం. ఇందులో చాలామంది తొందరపడతారు. ఎత్తులో ఉన్న పైపులో గుప్పెడు గాలి చిక్కుకున్నా, కొత్త పంపు గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. మెకానిక్ ముందు చక్రాలు ఎత్తి, ట్యాంకు మూత తీసి, లోపల బుడగలు ఆగి నీళ్లు సుడి తిరిగేదాకా ముప్పావుగంట పట్టు వదల్లేదు.

నీళ్ల విషయంలో ఇంకో మాట. మనకు గడ్డ కట్టే చలి లేదు కనుక మామూలు నీళ్లు పోస్తే చాలని ఒక సలహా తిరుగుతుంటుంది. సగం నీళ్లు, సగం కూలెంట్ కలిపినదాని కంటే ఉత్త నీళ్లు పదో వంతుకు పైగా ఎక్కువ వేడి మోస్తాయన్న మాట నిజమే. కానీ బోరు నీళ్లతో బకెట్ అడుగున పేరుకునే తెల్లటి గార, ఇంటర్‌కూలర్ సన్న గొట్టాల్లో పేరుకుంటే తీసేవాడు లేడు. డిస్టిల్డ్ వాటర్, అల్యూమినియం తుప్పు పట్టకుండా కంపెనీ చెప్పిన కూలెంట్, ఇక్కడ పొదుపు వద్దు.

పెద్ద రేడియేటర్ ఆ తర్వాతే, అదీ ఫ్యాన్‌తో కలిపి. ఫ్యాన్ లేకుండా మందపాటిది పెడితే సిగ్నల్ దగ్గర ఉపయోగం లేకపోగా, వెనకున్న అసలు రేడియేటర్‌కి గాలి అడ్డుకుంటుంది. ఇంకో పెద్ద ట్యాంకు కలిపితే నీళ్లు వేడెక్కడానికి టైం పడుతుంది, చల్లారడానికీ అంతే. ఏం పెట్టినా రేడియేటర్ నీళ్లను బయటి గాలికంటే చల్లగా చేయలేదు.

దానికి విరుగుడు కూడా ఒకటి ఉంది. 2018 డాడ్జ్ ఛాలెంజర్ డీమన్ కారు ఏసీ గ్యాస్‌నే ఇంటర్‌కూలర్ నీళ్ల వైపు మళ్లించింది. ఇంజన్ ఆపాక కూడా పంపు, ఫ్యాన్ నడిపి సూపర్‌ఛార్జర్‌ని చల్లార్చే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఈ రెండోది నాకు నచ్చింది.

పంపు మార్చిన వారం తర్వాత అదే జంక్షన్‌లో, అదే టైంలో 64 చూపించింది. మావాడి ఆశ అక్కడితో ఆగలేదు. ఆ ఏసీ ఏర్పాటు మనమూ చేయించుకుందామా అని అడిగాడు. మెకానిక్ నవ్వాడు. "చేద్దామన్నా. కానీ తొక్కినప్పుడు లోపల ఏసీ రాదు. ఇంజన్‌కి సల్లగుంటది, మీకు చెమటలు పోస్తయ్. మే నెలల ఆలోచించుకొని చెప్పుండ్రి."