ట్రైనర్ బాడీ చూసి డబ్బు కట్టేవాళ్ళకి: పర్సనల్ ట్రైనింగ్‌లో అపోహలు, వాస్తవాలు

జనవరి మొదటివారంలోనూ, పెళ్ళిళ్ళ సీజన్‌కి ముందూ విశాఖలో ఎంవీపీ కాలనీ నుంచి గాజువాక దాకా ఏ జిమ్ రిసెప్షన్ దగ్గర నిలబడినా ఒకటే మాట వినపడుతుంది: "ఆ నల్ల టీషర్ట్ ఆయన్నే ఇప్పించండి, బాడీ అదిరింది." పక్కనే నలభై దాటి, కాస్త పొట్ట ఉన్న ట్రైనర్ ఇంకో మెంబర్ దగ్గర నిలబడి పుస్తకంలో ఏదో రాసుకుంటూ ఉంటాడు. ఆయన వైపు ఎవరూ చూడరు. మూడు నెలలకి భుజం పట్టేసి, మోకాలు వాచి, ఫీజు పోగొట్టుకుని "జిమ్ మా ఒంటికి పడదండీ" అని మానేసేవాళ్ళలో చాలామంది మొదటిరోజు చేసిన తప్పు ఇదే. అందుకే దీని మీదే ఎక్కువ రాస్తాను, మిగతావి చకచకా.

అపోహ: బాడీ ఉన్నవాడే బాడీ తెప్పించగలడు

వాస్తవం: ఆయన ఒళ్ళు ఆయన గురించి మాత్రమే చెబుతుంది. ఇరవై నాలుగేళ్ళ వయసు, పుట్టుకతో వచ్చిన కట్టు, రోజంతా జిమ్‌లోనే ఉండే ఉద్యోగం, పూటపూటా డబ్బాలో తెచ్చుకునే చికెన్, పిల్లలు లేపని నిద్ర, ఇవన్నీ కలిస్తే వచ్చిన ఒళ్ళు అది. మీకా నలభై ఎనిమిది. స్టీల్ ప్లాంట్‌లో ఈ వారం ఎ షిఫ్ట్, ఇంకో వారం సి షిఫ్ట్. బీపీ మాత్ర వేసుకుంటారు. మెట్లు దిగుతుంటే ఎడమ మోకాలు కలుక్కుమంటుంది. ఆయనకి పనిచేసిన దాంట్లో మీకు పనికొచ్చేదెంత?

గోడ మీద పెద్ద ఫోటో ఉంటుంది చూడండి, అది పోటీ రోజుది. వారాల తరబడి తిండి కోసి, చివరి రోజుల్లో నీళ్ళూ ఉప్పూ సర్ది, ఒంటికి రంగు పూసి, స్టేజీ లైట్ల కింద తీసింది. రెండు వారాలు పోతే ఆయన కూడా అలా ఉండడు. ఏడాది పొడవునా అలాగే ఉంటున్నాడంటే అందులో సూది మందు పాత్ర ఉండే అవకాశం లేకపోలేదు. ఈ స్టెరాయిడ్లు డాక్టర్ చీటీ మీద అమ్మాల్సిన మందులు. బీపీ పెంచుతాయి, కొలెస్ట్రాల్‌ని పాడుచేస్తాయి, ఒంట్లో సొంతంగా తయారయ్యే టెస్టోస్టెరాన్‌ని పడుకోబెడతాయి, వీర్యకణాల సంఖ్యని దించేస్తాయి. "చిన్న సైకిల్ ఒకటి వేద్దాం సార్" (అంటే కొన్ని వారాల స్టెరాయిడ్ కోర్సు) అన్న రోజున వాదన పెట్టుకోకుండా బ్యాగ్ తీసుకుని వచ్చేయండి.

ఇంతకన్నా మామూలుగా జరిగే నష్టం ఇంకొకటుంది. బాడీ మీద బతికే ట్రైనర్‌కి తన షెడ్యూలే లోకం. సోమవారం ఛాతీ: ఐదు రకాలు, ఒక్కోటి నాలుగు సెట్లు (ఆగకుండా చేసే ఒక్కో విడత ఒక సెట్), మొత్తం ఇరవై. ఏళ్ళ తరబడి చేసిన కండ దాన్ని తట్టుకుంటుంది. కొత్తవాళ్ళకి ఒక్కో వ్యాయామం ఒకటి నుంచి మూడు సెట్లు, సెట్‌కి 8 నుంచి 12 సార్లు, వారానికి రెండు మూడు రోజులు చాలు. ఆ రెండు మూడు రోజులూ ఒళ్ళంతా కలిపే చేయించాలి: ఒక స్క్వాట్ (బస్కీ లాంటిది), ఒకటి తోసేది, ఒకటి లాగేది, ఒకటి నడుము దగ్గర వంగి లేచేది, కాసేపు ప్లాంక్ (మోచేతుల మీద, కాలివేళ్ళ మీద ఒళ్ళు నిటారుగా నిలపడం). ఛాతీకో రోజు, చేతులకో రోజు అని పంచిపెడితే, మీరు వారానికి రెండుసార్లే వెళ్ళగలిగినప్పుడు కాళ్ళ వంతు ఎప్పటికీ రాదు.

మరి రూపం అసలు లెక్కలోకే రాదా? కొంత వస్తుంది. ఖాళీ రాడ్డుతోనైనా వ్యాయామం సరిగ్గా చేసి చూపించగలగాలి. ఉతికిన బట్టలు, చెమట వాసన లేని ఒళ్ళు, కత్తిరించిన గోళ్ళు కావాలి, మీ పక్కనే గంటసేపు నిలబడే మనిషి కదా. తనెప్పుడూ బరువు ముట్టనివాడు మీ చేత ముట్టించలేడు. అంతవరకే. మన ఉత్తరాంధ్రలో ఈ విషయం కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగంలో మొత్తం 240 కేజీలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది శ్రీకాకుళం జిల్లా. విజయనగరం పక్కన కొండవెలగాడ నుంచి లిఫ్టర్లు వస్తూనే ఉన్నారు. అక్కడ పిల్లల్ని కోచ్ దగ్గర చేర్చేవాళ్ళు ఆయన పొట్ట కొలవరు. ఆయన దగ్గర పిల్లలు నిరుడు ఎంత ఎత్తారు, ఈ ఏడు ఎంత ఎత్తుతున్నారు, ఎంతమంది నడుములు నిక్షేపంగా ఉన్నాయి అని చూస్తారు.

సరే, బాడీ కాకపోతే ఏం చూడాలి? మొదటి సెషన్ చూడండి. మంచి ట్రైనర్ మొదటి పావుగంట బరువు పట్టించడు, అడుగుతాడు. పార్-క్యూ అని ఏడు ప్రశ్నల ఫారం ఉంటుంది: గుండె జబ్బు, బీపీ ఉన్నాయా, ఛాతీలో నొప్పి వస్తుందా, కళ్ళు తిరుగుతాయా, దీర్ఘకాలిక జబ్బు ఇంకేదైనా ఉందా, ఏ మందులు వాడుతున్నారు, కీళ్ళ బాధలున్నాయా, డాక్టర్ పర్యవేక్షణలోనే వ్యాయామం చెయ్యమన్నారా. ఒక్కదానికి అవునన్నా ఇంకా వివరంగా అడగాలి, అవసరమైతే డాక్టర్ దగ్గరికి పంపాలి. ఆ ఫారం మీ చేత సంతకం పెట్టించుకుని సొరుగులో పడేసేవాళ్ళు కూడా ఉన్నారు, కాబట్టి చదివి ప్రశ్న వేశారా లేదా గమనించండి.

మందుల పేర్లు ఎందుకడుగుతారో చాలామందికి అర్థం కాదు, దాచేస్తారు కూడా. దాచకండి. అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి బీపీ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అప్పుడు 220 లోంచి వయసు తీసేసి "మీ పల్స్ ఇంత దాకా రావాలి" అని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తిస్తే మనిషి సొమ్మసిల్లుతాడు గానీ ఆ అంకె రాదు. అలాంటివాళ్ళని మాటతో కొలవాలి: వాక్యం పూర్తిగా మాట్లాడగలిగితే మధ్యస్థం, రెండు మూడు మాటలకే ఆయాసం వస్తే ఎక్కువ. ఇన్సులిన్‌గానీ గ్లిమెపిరైడ్‌గానీ వాడేవాళ్ళకి వ్యాయామం మధ్యలో షుగర్ పడిపోవచ్చు. పొద్దున్న మాత్ర వేసుకుని, టిఫిన్ తినకుండా జిమ్‌కి రావడం దీనికి రాచమార్గం. చెమటలు, వణుకు, మాట తడబాటు కనపడితే ఆపి కొలవాలి. 70 కన్నా తక్కువుంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్ళీ కొలవాలి. బీపీ 180/110 దాటి ఉన్న రోజు బరువులు లేవు, డాక్టర్ దగ్గరికే.

తర్వాత కదలిక. కుర్చీలోంచి చేతులు పట్టకుండా లేచి కూర్చోమంటారు. చూడ్డానికి ఏమీ లేనట్టుంటుంది గానీ చాలా తెలుస్తుంది. కిందికి దిగుతుంటే మడమలు లేస్తున్నాయనుకోండి: ఒక్కో మడమ కింద 2.5 కేజీల ప్లేటు పెట్టి మళ్ళీ చేయిస్తారు. అప్పుడు నడుము నిటారుగా నిలబడి హాయిగా దిగితే అడ్డుపడింది చీలమండ బిగుతు. పిక్కలు సాగదీసే పని రోజూ పెట్టి, అంతవరకు ప్లేట్లు ఉంచుకోవచ్చు. ప్లేటు పెట్టినా మోకాళ్ళు లోపలికి మూసుకుపోతుంటే లోతు తగ్గించి, వెనక బెంచీ పెట్టి, దాన్ని తాకి లేవమంటారు. అది కుదిరాక 4, 5 కేజీల డంబెల్‌ని ఛాతీకి ఆనించి పట్టుకుని. ఇదంతా అయ్యాకే భుజాల మీద రాడ్డు. ఒలింపిక్ రాడ్డు ప్లేట్లు లేకుండానే 20 కేజీలుంటుందన్న సంగతి మర్చిపోయి మొదటిరోజే దాని కింద దూర్చేవాళ్ళ దగ్గర మోకాలు నొప్పి రాకపోతే ఆశ్చర్యపోవాలి.

మూడోది పుస్తకం. ఫోన్‌లో రాసినా ఫర్వాలేదు. బరువెంత, ఎన్నిసార్లు, ఆపేసరికి ఇంకా ఎన్ని చెయ్యగల ఓపిక మిగిలింది, ఈ మూడూ రాయాలి. కొత్తవాళ్ళు ఇంకో రెండు మూడు చెయ్యగలం అనిపించేటప్పుడే ఆపాలి. పది అనుకున్న చోట చివరి సెట్‌లో పన్నెండు వచ్చి, మరుసటి సెషన్‌లో కూడా పన్నెండు వస్తే బరువు పెంచాలి. చేతుల వ్యాయామాలకి ఒకటి రెండు కేజీలు, కాళ్ళకి 2.5 నుంచి 5. "ఇవాళ మూడ్ బాగుంది, పది కేజీలు వేసేద్దాం" అనేది పద్ధతి కాదు.

నిలబడే చోటు కూడా చూడండి. స్క్వాట్‌కి పక్క నుంచి కాస్త ఏటవాలుగా నిలబడితేనే మోకాలూ నడుమూ రెండూ కనిపిస్తాయి. బెంచ్ ప్రెస్‌కి తల వెనక, చేతులు రాడ్డుకి దగ్గర్లో. అద్దంలో తనని చూసుకుంటూ, రీల్స్ తోసుకుంటూ "ఇంకో రెండు, ఇంకో రెండు" అనేవాడికి మీరు కట్టేది లెక్కపెట్టినందుకు కూలి. చెప్పే మాట కూడా ఒక్కోసారికి ఒక్కటే ఉండాలి. "ఛాతీ ఎత్తు, మోకాలు బయటికి, ఊపిరి బిగించు, పైకి చూడు" అని నాలుగూ ఒకేసారి అరిస్తే కింద ఉన్న మనిషి ఏదీ చెయ్యలేడు.

అపోహ: మర్నాడు లేవలేకపోతేనే ట్రైనర్ గట్టివాడు

వాస్తవం: నొప్పి కొత్తదనానికి గుర్తు, నాణ్యతకి కాదు. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు నడిచొచ్చాక రెండ్రోజులు పిక్కలు పలకవు. ఆ ఒక్కరోజుతో ఎవరి పిక్కలూ పెరగలేదు. మామూలు ఒళ్ళునొప్పులు ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉండి తగ్గిపోతాయి, భయపడాల్సింది లేదు.

భయపడాల్సింది వేరే ఉంది. అలవాటు లేని మనిషి చేత మొదటిరోజే రెండొందల బస్కీలో, నిలువునా వేలాడదీసి పుల్ అప్‌లో చేయిస్తే కండ చితికి, లోపలి పదార్థాలు రక్తంలోకి వచ్చి, మూత్రపిండాలకి అడ్డుపడతాయి. దీన్ని రాబ్డోమయోలైసిస్ అంటారు. మన తీరపు ఉక్కలో, ఏసీ లేని హాల్లో, చెమట ఆరక ఒళ్ళు చల్లబడనప్పుడు ప్రమాదం ఇంకా ఎక్కువ. కండ వాచి బిగుసుకుపోవడం, చెయ్యి చాపలేకపోవడం, మూత్రం కోలా రంగులో రావడం దీని గుర్తులు. అప్పుడు ట్రైనర్‌కి వాట్సాప్ పెట్టి కూర్చోకండి, కేజీహెచ్ (విశాఖ ప్రభుత్వాస్పత్రి)కో దగ్గరున్న ఆస్పత్రికో ఎమర్జెన్సీకి వెళ్ళండి. సెలైన్ ఎక్కించాల్సి రావచ్చు. డైక్లోఫెనాక్, ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు వేసుకోవద్దు, అవి మూత్రపిండాల మీద ఇంకో దెబ్బ.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే చాలు / సర్టిఫికెట్ అంతా బూటకం

వాస్తవం: రెండూ తప్పే. మన దేశంలో ట్రైనర్‌గా పనిచెయ్యడానికి డాక్టర్‌కో లాయర్‌కో ఉన్నట్టు లైసెన్సు లేదు, టీషర్ట్ వేసుకున్న ప్రతివాడూ ట్రైనరే. ఏసీఈ, ఎన్‌ఎస్‌సీఏ, ఏసీఎస్‌ఎం లాంటి అమెరికా సంస్థలు ట్రైనర్లకిచ్చే సర్టిఫికెట్‌కి గడువు ఉంటుంది, ఆ గడువు తేదీ చూడండి. వ్యాయామ విద్యలో డిగ్రీ ఉంటే మంచిదే. వీటికన్నా ముందు అడగాల్సింది సీపీఆర్, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కడం. నిమిషానికి ఎన్నిసార్లు నొక్కాలి అంటే 100 నుంచి 120 అని, లోతు 5 సెంటీమీటర్లకి తగ్గకూడదని, ముందు 108కి ఫోన్ చేయించాలని తడుముకోకుండా చెప్పాలి.

ఇక గబగబా. పొట్ట వ్యాయామాలతో పొట్ట మాత్రమే కరగదు, కొవ్వు ఎక్కణ్ణించి ముందు పోవాలో ఒళ్ళే చూసుకుంటుంది. ఆడవాళ్ళు బరువులెత్తితే మగవాళ్ళలా అయిపోరు, ఆ భయం పెట్టేవాళ్ళ మాట వినకండి. చెమట ఎక్కువ పడితే కొవ్వు ఎక్కువ కరిగినట్టు కాదు, అలా లెక్కేస్తే మే నెలలో ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర బస్సు కోసం నిలబడ్డవాళ్ళందరూ సన్నబడాలి. ప్రోటీన్ డబ్బా తప్పనిసరి కాదు: గుడ్డుకి సుమారు 6 గ్రాములు, వంద గ్రాముల చేపలో 20 దాకా, వంద గ్రాముల పనీర్‌లో 18 దాకా వస్తుంది. డబ్బా కొనాల్సొస్తే సీలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చూసి మీరే కొనండి. ఆ డబ్బా మీద ట్రైనర్‌కి కమీషన్ ఉందా అని మొహం మీదే అడగండి, తప్పేం లేదు.

జిమ్ గడప తొక్కడానికే సిగ్గుపడేవాళ్ళకి ఒక మాట. "అందరూ నన్నే చూస్తారేమో" అన్న బెరుకు లావుగా ఉన్నవాళ్ళకే కాదు, బక్కపలచని కుర్రాళ్ళకీ, అరవై దాటినవాళ్ళకీ ఉంటుంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది, సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది రద్దీ. పదకొండు నుంచి నాలుగు మధ్య తెరిచి ఉంచే జిమ్ దొరికితే హాలు సగం ఖాళీగా ఉంటుంది, ట్రైనర్‌కీ తీరిక ఉంటుంది. ఒంటి మీద చెయ్యి వేసి సరిచేసే ముందు ట్రైనర్ అడగాలి, మీరు వద్దనొచ్చు. బిడ్డ పుట్టాక మొదలుపెట్టేవాళ్ళు, గెంతినప్పుడు మూత్రం చుక్కలు పడే ఇబ్బంది ఉన్నవాళ్ళు ఆ మాట చెప్పండి. విని వ్యాయామం మారిస్తే సరే, ముసిముసిగా నవ్వితే ట్రైనర్‌ని మార్చేయండి.

డబ్బు సంగతి: ఏడాది ప్యాకేజీ డిస్కౌంట్ ఎంత ఊరించినా ముందు ఒక ట్రయల్ సెషన్, తర్వాత ఒక నెల. ఆ గంటలో ట్రైనర్ మీతోపాటు ఇంకెంతమందిని చూస్తున్నాడో అడగండి, ముగ్గురైతే అది పర్సనల్ కాదు. ఈ రంగంలో ట్రైనర్లు ఒక జిమ్ నుంచి ఇంకో జిమ్‌కి తరచూ మారిపోతుంటారు, కాబట్టి ఆ పుస్తకంలో మీ పేజీని వారానికోసారి ఫోటో తీసి పెట్టుకోండి. రేపు ఇంకొకరు వచ్చినా మీ స్క్వాట్ ఎక్కడిదాకా వచ్చిందో, మడమ కింద ప్లేటు ఎందుకు పెట్టారో అందులో ఉంటుంది.