నలికిళ్ల పాము: అపోహలు - వాస్తవాలు

సార్వా ఊడ్పులు మొదలయ్యాయంటే, పాములు పట్టే నాకు కోనసీమలో వచ్చే ఫోన్లలో సగం, పేరుకి పామే గానీ నిజానికి బల్లి జాతిదైన నలికిళ్ల పాము గురించే. "కరిచేసిందండీ, ఇంక బతుకుతాడా?" అని ఏడుస్తూ అడుగుతారు. వాళ్ల టెన్షన్ నాకు తెలుసు. నా కోపమల్లా ఆ భయాన్ని ఊరంతా మోసే పుకార్ల మీద.

అపోహ: నలికిళ్ల పాము కరిస్తే మనిషి దక్కడు.

వాస్తవం: దానికి విషం లేదు, కోరలు లేవు. ఉన్నవల్లా మిడతల్ని, బొద్దింకల్ని పట్టుకోవడానికి సరిపోయే చిన్న పళ్లు. చేత్తో పట్టుకుంటే కరుస్తుంది, చర్మం కాస్త గీరుకుపోతుంది. సబ్బుతో కడిగి, టీటీ (ధనుర్వాతం రాకుండా వేసే ఇంజెక్షన్) ఎప్పుడు వేయించారో చూసుకోండి.

అసలు నష్టం ఇక్కడ కాదు, తర్వాత జరుగుతుంది. నలికిళ్ల పాము కరిచిన పిల్లాణ్ణి మంత్రం వేయించడానికి తీసుకెళ్తారు. తెల్లారేసరికి వాడు ఆడుకుంటాడు. విషమే ఎక్కనప్పుడు ఆడుకోక ఏం చేస్తాడు? పేరు మాత్రం మంత్రానికి వస్తుంది. రేపు కట్లపాము కరిచినా అక్కడికే పరిగెడతారు. కట్లపాము కాటు చాలాసార్లు నొప్పే ఉండదు, గాటూ సరిగ్గా కనపడదు. నేల మీద పడుకున్న మనిషికి రాత్రి కడుపునొప్పి మొదలై, రెప్పలు వాలిపోయి, ఊపిరి అందకుండా పోతుంది. మా పక్కూళ్లో ఒకాయన అలాగే పోయాడు. "మా బాబుకి అప్పుడు మంత్రంతో తగ్గింది కదా అన్నయ్యా, ఈయనకెందుకు తగ్గలేదు?" అని ఆయన భార్య అడిగితే నాకు నోరు పెగల్లేదు.

కరిచింది నలికిళ్ల పామేనని కళ్లారా చూడకపోతే నేరుగా ఆసుపత్రికే వెళ్లండి. తాడు బిగించొద్దు, గాటు పెట్టొద్దు. ఆసుపత్రిలో కాస్త రక్తం తీసి గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. గడ్డకట్టకపోతే రక్తపింజరి విషం ఎక్కిందని అనుమానిస్తారు. విషం లక్షణాలు లేకపోతే యాంటీ వీనం (పాము విషానికి విరుగుడు ఇంజెక్షన్) వేయరు. అది గుర్రాల రక్తం నుంచి తీసే మందు, కొందరికి రియాక్షన్ ఇస్తుంది. "ఇంజెక్షనే వేయలేదు" అని అలిగి మధ్యలో వచ్చేయకండి, వాళ్లు ఉండమన్నంతసేపు ఉండండి.

అపోహ: అది పాము పిల్ల.

కాదు, బల్లి జాతి. పొద్దున్నే కొబ్బరి డొక్కల గుట్ట మీద ఎండకి పడుకున్నప్పుడు రెండడుగుల దూరంలో ఆగి చూడండి. రెప్ప వేస్తుంది, పాముకి రెప్పలుండవు. కంటి వెనక చెవి రంధ్రం కనిపిస్తుంది, పాముకి అదీ ఉండదు. అలికిడైతే పొట్టి కాళ్లతో గడ్డిలోకి జారిపోతుంది. ఆ జారడం చూసే జనం హడలిపోతారు.

అపోహ: ఎర్ర తోకది మరీ విషం.

అదీ అబద్ధమే. ఒక రకం నలికిళ్ల పాము పిల్లలకి తోక ఎర్రగా ఉంటుంది, అంతే. తోక తెగితే కాసేపు గిలగిల్లాడుతుంది, శత్రువు దాన్ని చూస్తుండగా ఇది తప్పించుకుంటుంది. తర్వాత కొత్త తోక వస్తుంది, కానీ లోపల ఎముక బదులు మెత్తటి మృదులాస్థే ఉంటుంది.

ఇంట్లోకి వస్తే కర్ర తీయకండి. పిల్లల్ని పక్కకి పిలిచి తలుపు తెరిచి ఉంచండి, దాని దారిన అదే పోతుంది.