ప్రొస్టేట్ కణాలు ఎందుకు ఆలస్యంగా చనిపోతాయి: రేడియేషన్ నుంచి కాంతి చికిత్స దాకా

ప్రొస్టేట్ క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్నవారి రక్తంలో పీఎస్‌ఏ (ప్రొస్టేట్ గ్రంథి తయారుచేసే ప్రొటీన్) కొన్ని వారాల్లోనే దాదాపు సున్నాకు దిగుతుంది. రేడియేషన్ తీసుకున్నవారిలో మాత్రం అది కనిష్ఠ స్థాయికి చేరడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. మధ్యలో కొంత పెరిగి మళ్లీ తగ్గడమూ మామూలే. ఈ ఆలస్యం చికిత్స విఫలమైందనడానికి గుర్తు కాదు. ఒక గ్రే (రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం) రేడియేషన్ ఒక్కో కణంలో డీఎన్‌ఏ రెండు పోగులనూ సుమారు 20 నుంచి 40 చోట్ల తెంచుతుంది, అయినా ఆ కణం అప్పటికప్పుడు చావదు. మరమ్మతు సరిగా జరగకపోతే, తరవాత విభజనకు పూనుకున్నప్పుడు కూలిపోతుంది. ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలేమో విభజన విషయంలో మహా నిదానం.

ఈ నిదానాన్ని వైద్యులు అర్థం చేసుకోవడానికి దాదాపు శతాబ్దం పట్టింది. 1910ల్లోనే పారిస్‌లో ఆక్టేవ్ పాస్టో మూత్రనాళం గుండా రేడియం పంపి చికిత్స చేశారు. న్యూయార్క్‌లో బెంజమిన్ బారింజర్ రేడియం సూదులను నేరుగా గ్రంథిలో గుచ్చారు. 1941లో చార్లెస్ హగిన్స్ ఈ క్యాన్సర్ పెరుగుదలలో పురుష హార్మోన్ల పాత్రను నిరూపించాక రేడియేషన్ వెనకబడింది. 1950ల్లో శక్తిమంతమైన ఎక్స్-కిరణాలను పుట్టించే లీనియర్ యాక్సిలరేటర్లు వచ్చాక స్టాన్‌ఫర్డ్‌లో మాల్కమ్ బాగ్‌షా దాన్ని మళ్లీ నిలబెట్టారు. అప్పటినుంచి రోజుకు సుమారు 2 గ్రే చొప్పున ఏడెనిమిది వారాలు ఇవ్వడం ఆనవాయితీ అయింది.

ఆ ఆనవాయితీ ఇతర క్యాన్సర్ల అనుభవం నుంచి అరువు తెచ్చుకున్నది. ఒక్కో విడత మోతాదు పెరిగినప్పుడు కణజాలం ఎంత ఎక్కువగా దెబ్బతింటుందో చెప్పే ఆల్ఫా–బీటా నిష్పత్తి (ఇది ఎంత తక్కువైతే పెద్ద మోతాదుల దెబ్బ అంత ఎక్కువ) చాలా కణితుల్లో 10 దాకా ఉంటే, ప్రొస్టేట్‌లో అది 1.5 గ్రే మాత్రమేనని 1999లో బ్రెన్నర్, హాల్ అంచనా వేశారు. పక్కనే ఉన్న పురీషనాళానికి అది సుమారు 3. అంటే తక్కువ విడతల్లో పెద్ద మోతాదులు ఇస్తే కణితికే ఎక్కువ నష్టం. ఈ లెక్కను మొదట చాలామంది నమ్మలేదు. బ్రిటన్‌లో జరిగిన చిప్ అధ్యయనం 37 విడతల 74 గ్రేకు 20 విడతల 60 గ్రే తీసిపోదని 2016లో చూపింది. 2024లో వెలువడిన పేస్–బి ఫలితాలు తక్కువ, మధ్యస్థ ముప్పు ఉన్నవారిలో ఐదు విడతలే చాలన్నాయి.

పురుష హార్మోన్లను అణిచే చికిత్సను రేడియేషన్‌తో కలిపితే ముదిరిన దశలోనూ ఆయుష్షు పెరుగుతుందని 1997లోనే తేలింది, కానీ కారణం ఆలస్యంగా దొరికింది. పురుష హార్మోన్ సంకేతాన్ని కణంలో అందుకునే ఆండ్రోజెన్ రిసెప్టర్ డీఎన్‌ఏ మరమ్మతు జన్యువులను ఉసిగొల్పుతుందని 2013లో ప్రచురితమైన పరిశోధనలు చూపాయి. హార్మోన్‌ను ఆపితే తెగిన పోగులను అతికించే పని కుంటుపడుతుంది.

కాంతి చికిత్స దారి వేరు. అక్రిడిన్ రంగులో ఉంచిన ఏకకణ జీవులు వెలుతురు పడితే చనిపోవడాన్ని మ్యూనిక్‌లో ఆస్కార్ రాబ్ గమనించి 1900లో ప్రచురించారు. 1970ల్లో అమెరికాలోని బఫెలో నగరంలో, రోజ్‌వెల్ పార్క్ సంస్థలో థామస్ డౌర్టీ దీన్ని క్యాన్సర్ చికిత్సగా మలిచారు. ప్రయోగశాలల్లో నేటికీ వాడే ఎల్ఎన్‌క్యాప్ ప్రొస్టేట్ కణాలను వేరుచేసిందీ, పీఎస్‌ఏను శుద్ధి చేసిందీ ఆ దశకంలో ఆ సంస్థలోనే కావడం విశేషం. ఈ పద్ధతిలో మందు కాంతిని పీల్చి, ఆక్సిజన్‌ను తీవ్రంగా చురుకైన రూపానికి మారుస్తుంది. అది పుట్టిన చోటునే, ముఖ్యంగా కణపొరలనూ కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియానూ ధ్వంసం చేస్తుంది కనుక, కణం విభజన దాకా ఆగనక్కరలేదు, గంటల్లోనే చావగలదు. చిక్కల్లా కాంతి కణజాలంలో కొద్ది మిల్లీమీటర్లకు మించి గట్టిగా చొరబడకపోవడం.

ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో బాక్టీరియా పత్రహరితం ఆధారంగా రూపొందిన పాడెలిపోర్ఫిన్ ఈ అడ్డంకిని కొంత దాటింది. మందును పది నిమిషాల పాటు సిరలోకి ఎక్కించి, గ్రంథిలో గుచ్చిన ఫైబర్ల ద్వారా 753 నానోమీటర్ల లేజర్ కాంతిని 22 నిమిషాల 15 సెకన్లు ప్రసరింపజేస్తారు. మందు కణాల్లోకి పోదు, రక్తనాళాల్లోనే ఉండి వాటిని మూసేస్తుంది. కణాలు ఆక్సిజన్ అందక చనిపోతాయి. 2017లో ప్రచురితమైన, తక్కువ ముప్పున్న 413 మంది అధ్యయనంలో రెండేళ్లకు వ్యాధి ముదిరినవారు చికిత్స పొందినవారిలో 28 శాతం, పరిశీలనలో మాత్రమే ఉన్నవారిలో 58 శాతం. అదే ఏడాది ఐరోపా అనుమతించింది. 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ సలహా సంఘం మాత్రం వ్యతిరేకించింది. ఇంత తక్కువ ముప్పున్న క్యాన్సర్‌కు అసలు చికిత్స అవసరమా అన్నది అక్కడ తలెత్తిన ప్రధాన ప్రశ్నల్లో ఒకటి.