పులిహోరకి స్టవ్ కట్టేశాక, పాకానికి మరుగుతుండగా

నిమ్మకాయ పులిహోర చేదొచ్చిందంటే చాలాసార్లు కారణం ఒకటే, రసం పిండేటప్పటికి పోపు గిన్నె ఇంకా స్టవ్ మీదే ఉండుంటుంది. అదే గులాబ్ జామ్ పాకంలో మాత్రం పాకం మరుగుతున్నప్పుడే నిమ్మరసం వేయమంటారు, అక్కడ చేదు రాదు సరికదా పాకం గడ్డకట్టకుండా నిలబడుతుంది. కాయ అదే, రసం అదే, మరి ఒకచోట వేడి పనికిరాదు ఇంకోచోట వేడి లేకపోతే పనే జరగదు, ఎందుకని? నిమ్మకాయతో వంటంతా నా దృష్టిలో ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

ముందు పులిహోర సంగతి. కాయ కోయకముందు అందులో చేదు పెద్దగా ఉండదు, కానీ చేదుగా మారడానికి రెడీగా ఉన్న పదార్థం ఒకటి ఉంటుంది. పిండగానే అది రసంలో ఉన్న పులుపు వల్ల మెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారడం మొదలుపెడుతుంది. మామూలుగా దీనికి కొన్ని గంటలు పడుతుంది, అదే వేడి తగిలితే గబగబా జరిగిపోతుంది. పొద్దున పిండి పెట్టుకున్న రసం సాయంత్రానికి కొంచెం చేదనిపించేది కూడా ఇందుకే. గింజల్లో లిమోనిన్ ఎక్కువ కాబట్టి వడకట్టడం మర్చిపోవద్దు, తొక్క నలిగిపోయేదాకా పిండొద్దు.

చేదు ఒక్కటే కాదు, వాసన కూడా పోతుంది. నిమ్మకి నిమ్మ వాసన ఇచ్చేవి లిమొనీన్ (పైన చెప్పిన చేదు లిమోనిన్ వేరు, ఇది వేరు), సిట్రాల్ లాంటి నూనెలు, ఇవి వేడికి ఆవిరైపోయే రకం, పైగా పులుపులో వేడెక్కితే సిట్రాల్ విరిగిపోయి వేరే వాసనలు వస్తాయి. అందుకే పోపు దించి, అన్నం కలిపి, అన్నం గోరువెచ్చగా అయ్యాక రసం పిండాలి. ఉప్మా, అటుకుల పులిహోర, నిమ్మకాయ చారు అన్నిటికీ ఇదే లెక్క.

పులిహోర రంగు గురించి కూడా ఒక మాట. పసుపులో ఉండే కర్క్యుమిన్ పులుపులో పచ్చగానే ఉంటుంది, సున్నం లాంటి క్షారం తగిలితే ఎర్రబడుతుంది. దిష్టి తీయడానికి పసుపు, సున్నం కలిపి ఎర్రనీళ్లు చేస్తారు కదా, ఆ నీళ్లలో సరిపడా నిమ్మరసం పిండి చూడండి, మళ్లీ పసుపు రంగుకి వచ్చేస్తాయి. పిల్లలకి చూపించడానికి ఇంతకన్నా మంచి ప్రయోగం వంటింట్లో దొరకదు.

నిమ్మకాయ పప్పు విషయంలో వాసనతో పాటు ఇంకో కారణం ఉంది. కందిపప్పు మెత్తబడాలంటే గింజలో కణాలని అతికించి ఉంచే పెక్టిన్ కరగాలి, పులుపు ఉంటే అది సరిగ్గా కరగదు. కుక్కర్లో ముందే పులుపు వేస్తే ఎన్ని విజిల్స్ వచ్చినా పప్పు బిరుసుగానే ఉంటుంది. కాబట్టి పప్పు ఉడికి, ఎనిపి, దించాకే నిమ్మరసం. బీన్స్, తోటకూర లాంటివాటికి కూడా చివర్లోనే, లేదంటే ఆకుపచ్చ కాస్తా పాచి రంగుకి తిరుగుతుంది. ఆకుకూర మీద చివర్లో పిండితే ఇంకో లాభం, వేడికి పోకుండా మిగిలిన విటమిన్ సి వల్ల ఆకుకూరలోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది.

ఇప్పుడు స్వీట్లకి వద్దాం, ఇక్కడ మనకి కావలసింది నిమ్మ వాసన కాదు, అందులో ఉన్న సిట్రిక్ యాసిడ్ చేసే పని. పంచదార అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ జంటగా అతుక్కుని ఉన్న పదార్థం. పాకం మరిగేటప్పుడు పులుపు పడితే కొన్ని జంటలు విడిపోతాయి, ఆ విడి ముక్కలు మధ్యలో అడ్డుపడటంతో మిగతా పంచదార వరుసగా పేరుకుని పలుకు కట్టలేదు. చల్లటి పాకంలో వేస్తే ఈ పని దాదాపు జరగనే జరగదు, వేడి కావాలి, కాస్త టైమ్ కావాలి. అర కిలో పంచదారకి ఒక టీస్పూన్ రసం చాలు, అంత తీపిలో ఆ కాస్త రసం చేదు తెలియదు. జిలేబీ, గులాబ్ జామ్ పాకానికి ఇది బాగుంటుంది. పంచదార గవ్వలకి మాత్రం వేయొద్దు, ఎందుకంటే అక్కడ పాకం పలుకు కట్టి తెల్లగా పూత పట్టడమే మనకి కావాలి. బెల్లంలో ఈ విడి చక్కెరలు ఎలాగూ కొంత ఉంటాయి కాబట్టి బెల్లం పాకం అంత త్వరగా పలుకు కట్టదు.

పాలు విరగ్గొట్టడం కూడా వేడి మీద పనే. పాలలో కేసీన్ అనే ప్రోటీన్ రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విడివిడిగా తేలుతుంటాయి, పులుపు పడగానే ఆ నెట్టుకోవడం ఆగిపోయి గడ్డలు కడతాయి. మరిగిన పాలకి కొద్ది రసమే సరిపోతుంది, నీళ్లు కలిపి కొంచెం కొంచెంగా పోయండి, విరుగుడు నీళ్లు తేటగా లేత ఆకుపచ్చలోకి రాగానే ఆపేయండి, ఎక్కువైతే పనీర్ గట్టిపడుతుంది. ఆ లేత రంగు బి2 విటమిన్‌ది, పారబోయకుండా చపాతీ పిండి కలుపుకోండి. జామకాయ జెల్లీ చేసేవాళ్లకి కూడా నిమ్మరసం కావాలి, పప్పుని బిరుసుగా ఉంచిన ఆ పెక్టినే ఇక్కడ పులుపు, బోలెడు పంచదార తోడై జెల్లీలా గట్టిపడుతుంది.

కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పుతో, అంటే వట్టి సిట్రిక్ యాసిడ్‌తో, పులుపుకీ వాసనకీ ఉన్న ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. 1784లో కార్ల్ విల్హెల్మ్ షీలే అనే స్వీడన్ శాస్త్రవేత్త నిమ్మరసం నుంచి సిట్రిక్ యాసిడ్‌ని పలుకులుగా విడదీశాడు, కానీ ఇప్పుడు కొనే నిమ్మఉప్పు నిమ్మకాయల నుంచి రాదు, ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే నల్ల బూజుకి చక్కెర పెట్టి తయారుచేస్తారు. పాకంలో, పనీర్‌లో అది నిమ్మరసం లాగే పనిచేస్తుంది. పులిహోరలో వేస్తే నాలుక పుల్లబడుతుంది గానీ నిమ్మ పులిహోర మాత్రం అవ్వదు, వాసన లేదు కాబట్టి.

అమెరికాలో ఉండే మనవాళ్లు పెద్ద పసుపు నిమ్మకాయతో పులిహోర చేసి అదేదో తేడాగా ఉందంటారు, అది నిజంగానే వేరే జాతి. గూడూరు, తెనాలి, నకిరేకల్ మార్కెట్లకి వచ్చే మన పల్చతొక్క నిమ్మకి దగ్గరిది అక్కడ కీ లైమ్ అని అమ్మే చిన్నకాయ.

ఇక స్వీట్‌లోనూ వాసన కావాలంటే రసం మీద ఆధారపడొద్దు, వాసన నూనె ఎక్కువ ఉండేది తొక్కలోని సన్నటి గుంటల్లో. పైపొర మాత్రమే సన్నగా తురిమి, కింద తెల్లది రాకుండా చూసుకుని, కేక్‌కి వేసే పంచదారలో కలిపి వేళ్లతో నలపండి, నూనె పంచదారకి పట్టుకుంటుంది, ఆ తర్వాత మిగతావి కలుపుకోవచ్చు.