పెల్టియర్ ప్లేట్: చోటు తప్పిన పరమాణువుల పని

బెంగళూరు ఎస్‌పీ రోడ్‌లో 12706 అనే మోడల్ నంబరు చెబితే ఇచ్చే పెల్టియర్ ప్లేట్ (కరెంటు పంపితే ఒక వైపు చల్లబడి, మరో వైపు వేడెక్కే పలక) కొన్న ఒక పాఠకుడి ప్రశ్న: "కాళ్లన్నీ బిస్మత్ టెల్లూరైడే అంటారు. మరి సగం పీ రకం, సగం ఎన్ రకం ఎలా అయ్యాయి?"

40 మిల్లీమీటర్ల ఆ పలకలో 127 జతల కాళ్లు, అంటే చిన్న దిమ్మలు, ఉంటాయి. కరెంటును హోల్స్ (ఎలక్ట్రాన్ లోటున్న చోట్లు) మోస్తే పీ రకం, ఎలక్ట్రాన్లు మోస్తే ఎన్ రకం. ఏ కాలు ఏ రకమో తేల్చేది ప్రధానంగా చోటు తప్పిన పరమాణువులూ, అవి లేక ఖాళీ పడిన చోట్లూ.

బిస్మత్‌కు బయటి కక్ష్యలో 5 ఎలక్ట్రాన్లు, టెల్లూరియంకు 6. టెల్లూరియం చోట్లో బిస్మత్ కూర్చుంటే ఒక ఎలక్ట్రాన్ తక్కువ పడి, ఒక హోల్ పుడుతుంది. రెండింటి ఋణవిద్యుదాత్మకతలు (ఎలక్ట్రాన్లను లాగే శక్తి) దగ్గర కాబట్టి ఈ తప్పు తేలిగ్గా జరుగుతుంది. బిస్మత్‌లో ముప్పాతిక భాగం తీసి యాంటిమొనీ వేస్తే ఇంకా తేలిక: హోల్స్ పెరిగి పీ కాలు వస్తుంది. టెల్లూరియంలో పదోవంతు తీసి సెలీనియం వేస్తే చోటు మారడం కష్టమవుతుంది. అప్పుడు టెల్లూరియం, సెలీనియం ఖాళీలు (ఆ పరమాణువులు ఉండాల్సి ఉండి లేని చోట్లు) వదిలిన ఎలక్ట్రాన్లదే పైచేయి, అది ఎన్ కాలు. ఎలక్ట్రాన్లు చాలకపోతే కాస్త అయొడైడ్ వేస్తారు. ఇంటర్ కెమిస్ట్రీలో స్ఫటిక లోపాలను రెండు మార్కుల నిర్వచనాలుగా బట్టీ పట్టించి వదిలేస్తారు. ఇంత అందమైన ఉపయోగం ఒక్కటి చెప్పినా పిల్లలు ఆ పాఠం జన్మలో మరిచిపోరు.

ఇక వేడి సంగతి. మంచి థర్మోఎలక్ట్రిక్‌లో (వేడి తేడాను కరెంటుగా, కరెంటును వేడి తేడాగా మార్చే పదార్థంలో) కరెంటు సాఫీగా పారాలి, వేడి మాత్రం పారకూడదు. ఈ పదార్థాల్లో వేడిని ఎక్కువగా మోసేది ఫోనాన్లు, అంటే పరమాణువుల కంపన తరంగాలు. చెరువులో పాతిన గుంజకు చిన్న అలలు తగిలి చెదురుతాయి, పెద్ద అల దాన్ని లెక్కచేయక దాటిపోతుంది. బరువైన బిస్మత్ (పరమాణు భారం 209) పక్కన తేలికైన యాంటిమొనీ (122) అలాంటి గుంజే. తరంగం పొడవు సగమైతే చెదురుడు 16 రెట్లవుతుంది. ఎలక్ట్రాన్ తరంగం చాలా నానోమీటర్ల పొడవు, పైగా యాంటిమొనీ, బిస్మత్ రెండింటి వేలెన్సీ ఒకటే. అందుకే అది పెద్దగా చెదరదు.

పొడుగు ఫోనాన్లు కూడా గుంజను దాటిపోతాయి. వాటిని ఆపడానికి పదార్థాన్ని బాల్ మిల్‌లో (గట్టి గుండ్లతో నూరే యంత్రంలో) మెత్తగా నూరి, వేడిచేస్తూ అదిమి దిమ్మ చేస్తారు. రేణువుల సరిహద్దులు ఆ పని చూస్తాయి. ఎన్ కాలు చెడేది ఇక్కడే. నూరుడు దెబ్బలకు బిస్మత్, టెల్లూరియం ఖాళీలు రెండూ పుడతాయి. తప్పు చోట్లో ఉన్న బిస్మత్ తన సొంత ఖాళీలోకి తిరిగి వెళ్తుంది, టెల్లూరియం ఖాళీ మిగిలిపోతుంది. అలాంటి ఒక్కో ఖాళీ రెండేసి ఎలక్ట్రాన్లు వదులుతుంది. ఎలక్ట్రాన్లు మితిమీరితే సీబెక్ వోల్టేజీ (రెండు కొసల వేడి తేడా వల్ల పుట్టే వోల్టేజీ) పడిపోతుంది. పొడికి గాలి తగిలితే ఇది ముదురుతుంది కాబట్టి ఆర్గాన్‌లో నూరడం, నూరే సమయం తగ్గించడం, దిమ్మను ఎనీల్ చేయడం (కొంతసేపు వేడిలో ఉంచడం) వంటి జాగ్రత్తలు తీసుకుంటారు.

లోపాలు పెంచడమే దారి అనుకోవద్దు. వెండి యాంటిమొనీ టెల్లూరైడ్‌లో వెండి, యాంటిమొనీ ఒకే రకం చోట్లను అడ్డదిడ్డంగా పంచుకుంటాయి. ఆ గందరగోళం కరెంటునూ కట్టేస్తుంది. బెంగళూరు జక్కూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ అనే పరిశోధనా సంస్థలో కనిష్క బిశ్వాస్ బృందం యాంటిమొనీ చోట్లో 6 మోల్ శాతం కాడ్మియం వేసింది. దాంతో వెండి, యాంటిమొనీ కొన్ని నానోమీటర్ల మేర క్రమంగా సర్దుకున్నాయి. కరెంటు దారి తేలికైంది, ఆ చిన్న క్రమ ప్రాంతాలే ఫోనాన్లను చెదరగొట్టాయి. 2021లో ప్రకటించిన ఆ ఫలితంలో పదార్థం నాణ్యతను చెప్పే జెడ్‌టీ అంకె (ఎక్కువైతే మేలు) 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర 2.6.