తగ్గిన బరువులో కండ ఎంత?

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారికి మొదటి నెలల్లో త్రాసు చూపే అంకెలు సంతోషం కలిగిస్తాయి. కాని తగ్గిన బరువులో కొవ్వు ఎంత, కండ ఎంత అన్న సంగతి త్రాసుకు తెలియదు. ఒంట్లో కొవ్వు ఎంతో, మిగతాది ఎంతో ఎక్స్-కిరణాలతో విడదీసి చూపే డెక్సా స్కాన్‌తో కొలిచి చూస్తే, పోయిన బరువులో సుమారు ఐదో వంతు నుంచి మూడో వంతు వరకు కొవ్వు కాని పదార్థమేనని, అందులో చాలా భాగం మొదటి ఆరు నెలల్లోనే పోతుందని తేలుతుంది. అదంతా కండేనని కంగారు పడనక్కరలేదు. ఆ లెక్కలో నీరు, కాలేయం వంటి అవయవాల తరుగు కూడా కలిసి ఉంటాయి. పైగా భారీ దేహాన్ని మోయడానికి పెరిగిన కండలో కొంత, ఆ భారం దిగాక అవసరం లేకుండా పోతుంది. అయినా వయసు పైబడినవారికి ఈ నష్టం కుర్చీలోంచి లేవడంలోనూ, మెట్లు ఎక్కడంలోనూ తెలిసివస్తుంది.

కండలోని మాంసకృత్తులు నిత్యం విచ్ఛిన్నమవుతూ, మళ్ళీ తయారవుతూ ఉంటాయి. ఈ శస్త్రచికిత్సల్లో ఒకటైన స్లీవ్ పద్ధతిలో జీర్ణాశయాన్ని సుమారు 80 శాతం తొలగిస్తారు కనుక ఆహారం ఒక్కసారిగా తగ్గిపోతుంది. దానితోపాటు కండను నిర్మించమని చెప్పే ఇన్సులిన్, ఐజీఎఫ్-1 వంటి హార్మోన్ల సంకేతాలూ బలహీనపడతాయి. అందువల్ల విచ్ఛిన్నానిదే పైచేయి అవుతుంది.

ఆ సంకేతాన్ని బయటి నుంచి ఇస్తే సరిపోదా అన్న ఆలోచన ఇక్కడే మొదలవుతుంది. పురుష హార్మోన్ అయిన టెస్టోస్టిరాన్ కండలో మాంసకృత్తుల తయారీని, కండను మరమ్మతు చేసే ఉపగ్రహ కణాల సంఖ్యను పెంచుతుంది. 1996లో వెలువడిన ఒక ప్రసిద్ధ ప్రయోగంలో ఆరోగ్యవంతులైన పురుషులకు వారానికి 600 మిల్లీగ్రాముల చొప్పున 10 వారాలు ఇచ్చినప్పుడు, వ్యాయామం చేయనివారిలో కూడా కండ పెరిగింది. అయితే అది చికిత్సకు వాడే మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. పైగా వారికి మాంసకృత్తులు పుష్కలంగా అందాయి. శస్త్రచికిత్స తర్వాత పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంటుంది.

శస్త్రచికిత్స తర్వాతి పరిస్థితికి దగ్గరగా ఉండే ఆధారం 2016లో మెల్‌బోర్న్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనం. అందులో శస్త్రచికిత్స లేదు. స్థూలకాయంతోపాటు టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న 100 మంది పురుషులు 10 వారాలు అతి తక్కువ కేలరీల ఆహారం తీసుకుని, ఆ తర్వాత 46 వారాలు బరువును నిలుపుకునే ప్రయత్నం చేశారు. వారిలో కొందరికి టెస్టోస్టిరాన్ ఇచ్చారు. మొదటి 10 వారాల్లో హార్మోన్ అందినవారూ, అందనివారూ కండను దాదాపు సమానంగానే కోల్పోయారు. తేడా తర్వాత కనిపించింది: హార్మోన్ అందినవారిలో పోయిన కండలో చాలా భాగం తిరిగి వచ్చింది, మిగిలినవారిలో రాలేదు. అంటే బరువు వేగంగా పడిపోయే దశలో ఈ హార్మోన్ కండకు కాపలా కాయలేదు. ఆ దశ దాటాక మరమ్మతుకు మాత్రం తోడ్పడింది.

తొందరపడకపోవడానికి మరో కారణం కూడా ఉంది. కొవ్వు కణాల్లోని అరోమటేజ్ అనే ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. స్థూలకాయులైన పురుషుల్లో టెస్టోస్టిరాన్ తగ్గడానికి ఇదొక కారణం. కొవ్వు కరిగేకొద్దీ చాలామందిలో మందు లేకుండానే టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. కనుక ఆపరేషన్‌కు ముందు చేసిన పరీక్షను చూసి ఇంజెక్షన్లు మొదలుపెట్టడం నాకు తొందరపాటుగానే తోస్తుంది. బరువు నిలకడకు వచ్చాక, ఉదయం పూట, వేరు వేరు రోజుల్లో రెండుసార్లు చేసిన పరీక్షల్లోనూ తక్కువగానే ఉంటే అప్పుడు ఆలోచించవచ్చు. బయటి నుంచి ఇచ్చిన టెస్టోస్టిరాన్ వీర్యకణాల ఉత్పత్తిని అణచివేస్తుంది గనుక పిల్లలు కావాలనుకునేవారికి అది తగదు. రక్తం చిక్కబడే ప్రమాదమూ ఉంది. రక్తంలో ఎర్రకణాల వాటా (హెమటోక్రిట్) 54 శాతం దాటితే చికిత్స ఆపాలి. ఈ శస్త్రచికిత్స చేయించుకునేవారిలో ఎక్కువమంది స్త్రీలే. గొంతు బొంగురుపోవడం, ముఖాన రోమాలు పెరగడం వంటి మార్పుల వల్ల కండ కోసం ఈ హార్మోన్ వాడటం వారికి సరైన మార్గం కాదు.

కండ కోసం బయటి నుంచి ఇవ్వజూసే మరో హార్మోన్ గ్రోత్ హార్మోన్ (ఎదుగుదల హార్మోన్). దాని కథలో వేరే చిక్కు ఉంది. 1990లో వెలువడిన అధ్యయనంలో, 60 ఏళ్ళు దాటిన పురుషులు ఆరు నెలలు దాన్ని వాడాక కొవ్వు కాని ద్రవ్యరాశి దాదాపు 9 శాతం పెరిగింది. కాని ఈ హార్మోన్ ఒంట్లో నీటిని నిలుపుతుంది, ఆ నీటిని స్కాన్ కొవ్వు కాని ద్రవ్యరాశి కిందే లెక్కిస్తుంది. రక్తంలో చక్కెరనూ పెంచగలదు. మధుమేహం అదుపులోకి రావాలని ఆపరేషన్ చేయించుకున్నవారికి ఇది చిన్న విషయం కాదు.

రోజుకు కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు, వారానికి రెండు మూడు సార్లు బరువులతో వ్యాయామం అన్నవి ఏ చికిత్సకైనా ముందు ఉండవలసినవి. హార్మోన్ వాడినా, వాడకపోయినా, స్కాన్‌తోపాటు చేతి పట్టు బలాన్ని, చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి పట్టే సమయాన్ని కూడా ఆపరేషన్‌కు ముందే కొలిచి రాసిపెట్టుకోవాలి. ఒంట్లో నిలిచిన నీరు ఆ రెండు కొలతలనూ మెరుగుపరచజాలదు.